శారదమ్మ నొక్కని పచ్చ బటను

ఆ శుక్రవారం పొద్దున శారదమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిలోపు స్నానాలగదిలో మాడిపోయిన బల్బు మార్పించాలి. పదకొండులోపు గుత్తివంకాయ, పప్పు, నాలుగు ఓళిగలు చేసి పెట్టాలి. పన్నెండింటికి కూతురు హరిత భోజనానికి వస్తే కడుపునిండా పెట్టి, తాంబూలం చేతిలో పెట్టి, "సరేలే అమ్మా, నువ్విక్కడే ఉండు" అని ఆమె నోటితోనే అనిపించాలి. డెబ్భై ఆరేళ్ళ మనిషి ఇంతకన్నా పెద్ద పథకాలు వేసుకోవలసిన అవసరం లేదు. అయినా ఇదేమీ తక్కువ పథకం కాదని మీకే తెలుస్తుంది.

లింగంపల్లి స్టేషను దగ్గర ఆటో ఎక్కితే పదినిమిషాల్లో వచ్చే అపార్ట్‌మెంట్లలో, సి బ్లాకు ఐదో అంతస్తులో శారదమ్మ ఉంటోంది. అనంతపురం నుంచి భర్తతో కలిసి వచ్చి పదిహేనేళ్ళయింది. భర్త పోయి నాలుగేళ్ళు. అప్పటినుంచి ఒక్కతే ఉంటోంది. హరిత ఊరికి ఆ చివర, సైనిక్‌పురిలో, బ్యాంకులో పనిచేస్తుంది. ఒంటరిగా ఉండొద్దు, మా ఇంటికి వచ్చెయ్యమని ఏడాదిగా పోరుతోంది. శారదమ్మకు ఇష్టం లేదు. ఎందుకు ఇష్టం లేదో సరిగ్గా చెప్పడం మాత్రం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. కూతురు గట్టిగా అడిగితే తల వంచుకుని కొంగు మడతలు పెట్టుకునేది.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. శారదమ్మకు ప్రపంచంలో ఒకటే వ్యసనం. ఎదుటి మనిషి ఎవరు, ఏ ఊరు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, పొద్దున ఏం తిన్నారు అనేది ఆమెకు తెలియాలి. తెలిసేదాకా మనసు మనసులో ఉండదు. లిఫ్టు ఐదో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు మీ తాతగారు ఏ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారో రాబట్టగలదు. సైనిక్‌పురిలో హరితది విడి ఇల్లు. అక్కడ లిఫ్టే లేదు.

మూడు నెలల కిందట ఈ తల్లీకూతుళ్ళ తగవులోకి రంగనాథ్ వచ్చాడు. ఆయన డి బ్లాకులో ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. పెద్దవాళ్ళు తమ ఇళ్ళలోనే తమ బతుకు తాము బతకాలి, చుట్టుపక్కలవాళ్ళు తలో చెయ్యి వెయ్యాలి అని ఆయన సిద్ధాంతం. దానికోసం "ఇంటిపట్టు" అని ఒక సంఘం పెట్టాడు. అపార్ట్‌మెంటు కమిటీతో ఎనిమిది మీటింగుల్లో పోట్లాడి మెట్లకు రెండో పక్కన కూడా కడ్డీ వేయించాడు, లిఫ్టు పక్కన కూర్చునే బల్ల వేయించాడు. బల్బు మార్చడం, మందులు తేవడం, దవాఖానకు తోడు వెళ్ళడం లాంటివి చేయడానికి ఇరవైమంది కుర్రకారును పోగుచేశాడు.

అంతవరకు బాగానే ఉంది. అయితే ముప్ఫై ఏళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? ఈ పనులన్నిటికీ ఆయన ఫోనులో ఒక యాప్ తయారుచేయించాడు. పెద్దవాళ్ళు తమకు కావలసిన పని అందులో నొక్కితే పసుపు రంగు వెలుగుతుంది. వచ్చినవాళ్ళు పని చేసి వెళ్ళాక, పెద్దవాళ్ళే "పని అయింది" అనే పచ్చ బటను నొక్కాలి. వాళ్ళు తప్ప ఇంకెవరూ నొక్కడానికి వీల్లేదు. చెయ్యని పనిని చేశామని చెప్పుకునేవాళ్ళను ఆయన ఉద్యోగంలో చాలామందిని చూశాడు. మనిషి వచ్చిన అరగంటలో పచ్చ రాకపోతే పని ఇంకొకరికి పోతుంది. అప్పటికీ రాకపోతే రంగనాథ్‌కు పోతుంది. ఆ తరవాత ఎర్ర రంగు. ఎర్ర రంగంటే అంబులెన్సు, ఇంట్లోవాళ్ళకు కబురు, సంఘం మొత్తానికి కబురు.

ఇదంతా ఆయన గోడమీద బొమ్మలు వేసి గంటసేపు చెప్పాడు. శారదమ్మ ముందు వరసలో కూర్చుని ఆ గంటసేపూ ఆయన చొక్కానే చూసింది. అది ఆయనకు రెండు సైజులు వదులుగా ఉంది. ఈయనకు వండిపెట్టేదెవరు అనే ప్రశ్న ఆమెను పట్టుకుంది. మధ్యలో ఒకసారి చెయ్యెత్తి అడిగింది కూడా. ప్రశ్నలు చివర్లో అన్నాడాయన. చివర్లో టైము చాల్లేదు.

హరిత మాత్రం అంతా శ్రద్ధగా విని తన షరతు తను పెట్టింది. మూడు నెలలు చూస్తుంది. ఎర్ర రంగు ఒక్కసారి వచ్చినా ఆ రోజే సామాను సర్దేస్తుంది. రాకపోతే ఇంక ఈ మాట ఎత్తదు. తల్లి సరేనంది. మూడు నెలల్లో ఒక్క ఎరుపు రాలేదు. ఆ శుక్రవారంతో గడువు అయిపోతుంది. అందుకే బల్బు మీద శారదమ్మకు అంత పట్టింపు. చీకటి స్నానాలగది హరిత కంటబడితే, జారిపడతావు అనే పాత పాట మొదలవుతుంది.

ఏడున్నరకు నొక్కితే సరిగ్గా ఎనిమిదికి కిరణ్ పాల్ వచ్చాడు. ఇరవయ్యారేళ్ళ పిల్లవాడు, భుజాన బ్యాగు, మెడలో ఆఫీసు కార్డు. స్టూలెక్కాడు, పాత బల్బు తీశాడు, కొత్తది పెట్టాడు, స్విచ్చి వేశాడు, వెలిగింది. అంతా కలిపి రెండు నిమిషాలు. ఈలోపు అతనిది బాపట్ల అనీ, తల్లి టీచరనీ, ఇంకా పెళ్ళి కాలేదనీ శారదమ్మ తెలుసుకుంది. బొరుగులు నానబెట్టి పోపు వేసిన ఉగ్గాని ప్లేటులో పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి, కాఫీ గ్లాసు తెచ్చేసరికి కిరణ్ చెప్పుల్లో కాళ్ళు దూర్చేస్తున్నాడు.

"తప్పకుండా తాగుతానండి, సాయంత్రం వచ్చి తాగుతానండి," అన్నాడు. "ఇప్పుడైతే ఆఫీసు బస్సు వెళ్ళిపోద్దండి. మీరా పచ్చ బటను నొక్కేయండి ఆంటీ, చాలు."

బాపట్లలో ఎక్కడ అని అడిగేలోపు లిఫ్టు మూసుకుపోయింది.

శారదమ్మ కుర్చీలో కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకుంది. "పని అయిందా?" అని అడుగుతోంది ఫోను. ఆమె ఆలోచనలో పడింది. మూడు నెలలుగా వచ్చినవాళ్ళంతా సెలవురోజుల్లోనో సాయంత్రాలో వచ్చారు, కూర్చున్నారు, తిన్నారు, తాగారు. ఆ తరవాతే ఆమె పచ్చ బటను నొక్కింది. ఈ పిల్లవాడు జీతానికి వచ్చిన మనిషి కాదు, పక్కింటి బిడ్డలాగా వచ్చి చేసిపెట్టాడు. అలాంటివాడిని ఉత్త కడుపుతో గడప దాటించి, పైగా పని అయిపోయిందని నొక్కడమా? ఆమె అత్తగారింట్లో బావి చేదకు తాడు బిగించడానికి వచ్చినవాడిని కూడా ఒక ముద్ద తినకుండా పోనిచ్చేవాళ్ళు కాదు. బల్బు వెలిగిందన్నది నిజమే గాని, పని సగమే అయింది. మిగతా సగం సాయంత్రం వస్తానన్నాడు కదా, అప్పుడు నొక్కుదాం అనుకుంది. అందులో తప్పేమిటో ఆమెకు తోచలేదు. నిజం చెప్పాలంటే నాకూ తోచలేదు.

పొరపాటున వేలు తగిలి పచ్చ పడుతుందేమోనని ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూత వేసింది.

అరగంట దాటగానే పని సందీప్‌కు పోయింది. అతను బి బ్లాకులో ఉంటాడు, ఇంటినుంచే ఆఫీసు పని చేస్తాడు. ఆ సమయంలో అతనికి రోజూ మీటింగు. చెవులకు హెడ్‌ఫోన్లు, ఎడమచేతి మీద తెరిచిన లాప్‌టాప్‌తోనే వచ్చేశాడు. శారదమ్మ తలుపు తీసి ఎవరు నాయనా అని అడిగింది. అతను చెవి వైపు చూపించాడు, నోటి వైపు చూపించాడు, తల అడ్డంగా ఊపాడు. మీటింగులో ఉన్నాను, వినలేను, మాట్లాడలేను అని అతని అర్థం.

అయ్యో పాపం అనుకుంది శారదమ్మ. ఎంత చక్కటి పిల్లవాడు, చెవులూ లేవు నోరూ లేదు. అలాంటి బిడ్డ ముందు మనం గడగడా మాట్లాడితే ఎంత నొచ్చుకుంటాడు! వెంటనే తను కూడా నోరు మూసుకుని సైగల్లోకి దిగింది. కుర్చీ చూపించింది. అయిదు వేళ్ళు కలిపి నోటి దగ్గర పెట్టింది. అతను బల్బు వైపు చూపిస్తే, వెలుగుతోందని రెండు చేతులూ విప్పి చూపించింది. మరి ఫోను నొక్కరేమని అతను వేలితో గాలిలో నొక్కి చూపిస్తే, తల అడ్డంగా ఊపి, తలుపు బయటికి చూపించి, బొటనవేలు నోటి దగ్గర ఎత్తిపెట్టింది. వెళ్ళినవాడు సాయంత్రం వచ్చి కాఫీ తాగుతాడు అని ఆమె అర్థం. సందీప్‌కు ఒక్క ముక్క అర్థం కాలేదు. కాఫీ గ్లాసు చేతికివ్వబోతే దణ్ణం పెట్టి జారుకున్నాడు.

లిఫ్టులో నిలబడి సంఘం గ్రూపులో రాశాడు. బల్బు బాగానే వెలుగుతోంది. ఆంటీ మాట్లాడటం లేదు. చేతులతో సైగలు మాత్రం చేస్తున్నారు. బటను నొక్కమంటే తల ఊపుతున్నారు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు.

రంగనాథ్ అది చదివి ఉలిక్కిపడ్డాడు. నిన్న సాయంత్రం దాకా గుక్కతిప్పుకోకుండా మాట్లాడిన మనిషి పొద్దున్నే మాట్లాడటం లేదంటే అది పక్షవాతమే అయ్యుంటుంది. అయిదుసార్లు ఫోన్ చేశాడు. ఫోను బియ్యంలో మోగింది. శారదమ్మ ఓళిగలకు పూర్ణం రుబ్బుతూ మిక్సీ మోతలో ఉంది. ఇక ఆయన ఆలస్యం చెయ్యలేదు. అలాంటప్పుడు ఆలస్యం చెయ్యకూడదని అందరికీ చెప్పేది ఆయనే. ఎర్ర రంగు నొక్కేశాడు.

అంబులెన్సు పన్నెండు నిమిషాల్లో వచ్చింది. అప్పటికి శారదమ్మ చెత్తబుట్ట బయటపెట్టడానికి వరండాలోకి వచ్చి ఉంది. లిఫ్టు తెరుచుకుని స్ట్రెచరు, దాని వెనక ఇద్దరు మనుషులు దిగారు. ఆమెకు ఒళ్ళంతా కళ్ళయ్యాయి. ఎవరికప్పా అని అడిగింది. ఐదో అంతస్తులో ఎవరో పెద్దామెకు మాట పడిపోయిందని చెప్పాడు ముందున్నవాడు. ఐదో అంతస్తులో పెద్దామెలు ఇద్దరే. తనకు మాట పడిపోలేదు. కాబట్టి ఆ రెండో ఆమె, అంటే ఎదురింటి పార్వతమ్మ. ఇంత తేలిక లెక్కలో ఎవరు మాత్రం తప్పుచేస్తారు?

"అయ్యో తల్లీ," అంటూ శారదమ్మే ముందు నడిచి పార్వతమ్మ తలుపు కొట్టింది.

పార్వతమ్మది వరంగల్లు. కొడుకూ కోడలూ మనవడితో ఉంటుంది. వాళ్ళంతా ఎనిమిదికే వెళ్ళిపోయారు. శుక్రవారం పూజకు కూర్చుంటే హారతి అయ్యేదాకా ఆమె నోరు విప్పదు. ముప్ఫై ఏళ్ళుగా అదే నియమం. చేతిలో గంటతో తలుపు తీసింది. పేరు చెప్పమన్నాడు అంబులెన్సు మనిషి. తల ఊపింది. మాట్లాడమన్నాడు. ఊఁహూఁ. ఒక చెయ్యి పైకెత్తమన్నాడు. ఎత్తింది, ఆగమన్నట్టు అతని మొహం మీదికే ఎత్తింది.

"మాట పూర్తిగ పోయింది. జర పట్టుండ్రి, పండుకోబెడదాం," అన్నాడతను రెండోవాడితో.

శారదమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. నిన్ననే కదా చింతకాయ పచ్చడి గురించి అంతసేపు మాట్లాడుకున్నాం అని చెప్పుకుని ఏడ్చింది. పార్వతమ్మ కళ్ళెర్రజేసి గంట వాయించింది. ఆపమని వాయించింది, వదలమని వాయించింది, చివరికి అంబులెన్సు మనిషి చెవి పక్కనే వాయించింది. పాపం, ప్రాణం కోసం కొట్టుకుంటోంది అనుకున్నాడతను. పార్వతమ్మ సగం స్ట్రెచరు మీదికి ఎక్కించేదాకా ఓపికపట్టి, ఒక్క విదిలింపుతో కిందికి దిగి, చీర సర్దుకుని లోపలికి వెళ్ళింది. హారతి వెలిగించింది, కళ్ళకద్దుకుంది, గంట కిందపెట్టింది. అప్పుడు మాట్లాడింది. నాలుగు నిమిషాలపాటు ఆపకుండా మాట్లాడింది. అంబులెన్సు మనుషులిద్దరూ తమ పెంపకం గురించి చాలా సంగతులు తెలుసుకున్నారు.

ముందున్న మనిషి జేబులోంచి ఫోను తీసి మళ్ళీ చూసుకున్నాడు. అయిదు వందల నాలుగు అని ఉందే, అది ఎవరిల్లు అని అడిగాడు. శారదమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ ఆగిపోయింది.

"అది నాదే గదప్పా," అంది. "నాకు మాట పడిపోయిందని ఎవురు చెప్పినారు?"

ఆమెకు కోపం రాలేదు. ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది తెలుసుకోవాలన్న ఆత్రం మాత్రం ముంచుకొచ్చింది. ఆ మనిషిని ఇంట్లోకి పిలిచి కూర్చోబెట్టి మొదటినుంచి చెప్పించుకుంది. సందీప్ పరుగెత్తుకుంటూ వచ్చాడు, ఈసారి హెడ్‌ఫోన్లు లేకుండా. వచ్చీ రాగానే "ఆంటీ, ఇగ మాట్లాడుతున్నరా?" అన్నాడు. "నువ్వు మాట్లాడతావా నాయనా!" అంది శారదమ్మ. అతని వెనకే కిరణ్ పాల్ వచ్చాడు. తను పెట్టిన బల్బు వల్ల ఆమెకు షాక్ కొట్టిందనుకుని, గచ్చిబౌలి దగ్గర ఆఫీసు బస్సులోంచి దూకి, బైక్ ట్యాక్సీ పట్టుకుని వచ్చాడు. శారదమ్మ బతికి ఉండటం చూసి గోడకు జారగిలబడి కింద కూర్చున్నాడు.

చివరగా రంగనాథ్ వచ్చాడు. స్ట్రెచరు కోసం లిఫ్టు ఆపి ఉంచారు కాబట్టి అయిదంతస్తులూ మెట్లెక్కి వచ్చాడు. సంగతంతా విన్నాడు. ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా పెద్దమనిషి కాబట్టి గొంతు పెంచలేదు.

"బల్బు వెలిగింది కదమ్మా. పని అయిపోయింది కదా. మరెందుకు నొక్కలేదు?"

"పిల్లోడు తినకుండా పోయినాడు," అంది శారదమ్మ. "తినకుండా పోతే పని అయినట్లు ఎట్లవుతుందప్పా? సాయంత్రం తిని పోతానన్యాడు, అప్పుడు నొక్కుదామనుకుంటి."

రంగనాథ్ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఎన్నో పనులు ఎన్నో కారణాలకు ఆగిపోవడం చూశాడు గాని, ఈ కారణం ఆయన పట్టికలో లేదు. ఏదో చెప్పబోయి, కుర్చీ కోసం చెయ్యి చాపాడు. కుర్చీ అందలేదు. చెమటలు కారుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి.

శారదమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. ఇక ఆ ప్రశ్న అడగడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు.

"నువ్వు తిన్యావా నాయనా?"

ఆయన తినలేదు. ఏడింటికి షుగరు మాత్ర వేసుకున్నాడు. రోజూ పదకొండు దాకా ఏమీ తినడట, వండుకోవడం బద్ధకమట. రాత్రి కూడా రెండు బిస్కెట్లతో సరిపెట్టాడట. అంబులెన్సు మనిషి వేలు గుచ్చి చూసి షుగరు బాగా పడిపోయిందన్నాడు. ఇంకో గంట ఇట్లనే ఒంటరిగ ఉంటే పరేషాన్ అయితుండె సార్ అని మెల్లిగా అన్నాడు. శారదమ్మ అప్పటికే చక్కెర కలిపిన నీళ్ళు ఆయన నోటికి అందించింది. ఖాళీగా ఉన్న స్ట్రెచరును లోపలికి తెచ్చి దానిమీదే పడుకోబెట్టారు. వణుకు తగ్గాక ఉగ్గాని తినిపించారు. ఎలాగూ పొయ్యి మీద ఉంది కాబట్టి శారదమ్మ మిగతావాళ్ళకూ పెట్టింది. అంబులెన్సు మనుషులు వద్దన్నారు, తరవాత కొద్దిగా అన్నారు, తరవాత బజ్జీ ఇంకొకటి అడిగారు. పార్వతమ్మ కూడా ప్రసాదం గిన్నెతో వచ్చి కూర్చుంది. కిరణ్ పాల్ కాఫీ తాగాడు. అప్పుడు శారదమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి ఫోను తీసి, తుడిచి, పచ్చ బటను నొక్కింది. ఎరుపు పోయింది.

ఫోనులో హరిత నుంచి వచ్చిన పద్నాలుగు కాల్స్ ఉన్నాయి. శారదమ్మ తిరిగి చేద్దామని లోపలికి వెళ్ళి కళ్ళజోడు వెతుక్కునేలోపు హరిత గుమ్మంలోనే ఉంది.

హరిత చూసింది ఇదీ. గుమ్మం నిండా చెప్పులు. హాలు మధ్యలో స్ట్రెచరు, దానిమీద మెడదాకా దుప్పటి కప్పి ఎవరో. చుట్టూ ఎవరెవరో కూర్చుని తింటున్నారు. తల్లి మాత్రం ఎక్కడా లేదు. హరిత చెప్పుల అల్మారా మీద కూలబడిపోయింది.

శారదమ్మ ఆ చప్పుడుకు బయటికి వచ్చి, కూతుర్ని చూసి, ఎండనపడి వచ్చినావు మొహం కడుక్కో అంది. హరిత ఆమెను పట్టుకుని ఏడ్చింది. పదిమంది ముందు, బ్యాంకు చీరలో, చిన్నపిల్లలాగా ఏడ్చింది.

"నాన్న పోయిన రోజు కూడా ఇట్లే వచ్చినానమ్మా. దారి పొడుగునా సిగ్నళ్ళలో ఏడ్చుకుంటా. నేనొచ్చేసరికి అయిపోయింది. మళ్ళీ అట్ల రాలేను నేను. నాకు భయం."

శారదమ్మకు కూతురి మీద జాలి ముంచుకొచ్చింది. ఏడాదిగా ఇది మొండితనమనుకుంది, పెత్తనమనుకుంది. భయమని ఎప్పుడూ అనుకోలేదు. ఏం చెప్పాలో తెలియక వీపు నిమిరింది.

హరిత కళ్ళు తుడుచుకుంది. జరిగినదంతా విన్నది. ఆ తరవాత బ్యాంకు గొంతుతో ఒకటే ప్రశ్న వేసింది. ఎర్ర రంగు వచ్చిందా, రాలేదా? వచ్చిందన్నారు అందరూ తలలు దించుకుని. అయితే పెట్టెలు ఎక్కడున్నాయని తల్లిని అడిగింది. మాట మాటే. శారదమ్మ కూడా కాదనలేకపోయింది. మంచం కింద ఉన్నాయని చెప్పింది. ఆ రెండు ముక్కలు చెప్పడానికి ఆమెకు ఎంత కష్టమైందో కిరణ్ పాల్‌కు తెలిసింది కాబోలు, తలుపు వైపు తిరిగి నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే అంబులెన్సు మనిషి కాగితం పట్టుకుని హరిత దగ్గరికి వచ్చాడు. చేతికందిన మనిషితో సంతకం పెట్టించుకోవడం అతని ఉద్యోగం.

"మేడం, గీడ ఎవరన్న ఒకరు సంతకం జేయుండ్రి. మేము పోవాలె."

బ్యాంకు మనిషి చదవకుండా సంతకం పెట్టదు. హరిత చదివింది. రోగి పేరు రంగనాథ్. వయసు అరవై తొమ్మిది. ఇంట్లో ఒంటరిగా ఉంటారు. షుగరు పడిపోయింది. ప్రథమ చికిత్స చేసినది శారదమ్మ. ఆమె కాగితం దించి స్ట్రెచరు వైపు చూసింది.

"మీవాళ్ళు ఎక్కడుంటారు సార్?"

అమ్మాయి పుణెలో ఉంటుందన్నాడు రంగనాథ్. నంబరు అడిగితే మాత్రం చెప్పలేదు. పెద్దవాళ్ళను ఇల్లు కదిలించడం అన్యాయమని కమిటీ ముందు బల్లగుద్ది మాట్లాడిన మనిషి, దుప్పటి గడ్డందాకా లాక్కున్నాడు.

"అమ్మా హరితా, మా అమ్మాయికి మాత్రం చెప్పకు. తెలిసిందంటే సాయంత్రానికల్లా వచ్చి తీసుకెళ్ళిపోతుంది."

"తీసుకెళ్ళాలి సార్. తినకుండా మాత్రలు వేసుకుంటున్నారు. ఒక్కరే ఉన్నప్పుడు పడిపోతే ఎవరు చూస్తారు? నంబరు చెప్పండి."

ఇక్కడ శారదమ్మ నోరు విప్పింది. ఏడాదిపాటు తనకోసం ఒక్క మాట వెతుక్కోలేకపోయిన మనిషి, ఆ పరాయి మనిషి కోసం ఎక్కడా తడుముకోలేదు.

"ఆయప్ప తినలేదు, అంతే గదా. తినకుంటే పెట్టాల గాని, ఇల్లు విడిపిస్తారా ఎవరైనా?" అంది. "పుణెకు పోతే మాత్రం ఎవురుండారు చూసేకి? కూతురూ అల్లుడూ పొద్దున ఎనిమిదిన్నరకు పోతారు, సాయంత్రం ఏడుకొస్తారు. నడిమధ్య పడిపోతే? ఆ వీధిలో ఈయప్ప పేరు గూడా ఎవురికీ తెలీదు. ఈడ పడినాడు. పడేలోపల పట్టుకోను ఆరుమంది ఉన్యారు."

పుణెలో ఉన్న ఆ అమ్మాయి ఎన్నింటికి వెళ్ళి ఎన్నింటికి వస్తుందో ఆ గదిలో ఎవరికీ తెలియదు, రంగనాథ్‌కు కూడా తెలియదు. సైనిక్‌పురిలో ఎనిమిదిన్నరకు వెళ్ళి ఏడింటికి వచ్చేది ఎవరో హరితకు ఒక్కదానికే తెలుసు.

ఆమె హాలంతా ఒకసారి కలయజూసింది. ప్రసాదం గిన్నెతో పార్వతమ్మ, ప్లేట్లు కడగడానికి లేచిన సందీప్, ఖాళీ కాఫీ గ్లాసు పట్టుకున్న కిరణ్ పాల్ వరసగా కనిపించారు. ఈ ఉదయం ఆ ఎర్ర రంగు నిజమే అయి ఉంటే, తను ఊరంతా దాటి వచ్చేలోపు వీళ్ళంతా ఇక్కడే ఉండేవాళ్ళు. ఆ ఆలోచనతో మళ్ళీ కళ్ళు తడి అయ్యాయి గాని, ఈసారి తుడుచుకోలేదు.

"మూడు నెలలు గడువిస్తున్నా సార్," అంది రంగనాథ్‌తో. "రోజూ పొద్దున ఎనిమిదింటికి ఇక్కడికి వచ్చి తినాలి. ఒక్కరోజు మానేసినా మీ అమ్మాయికి ఫోన్ చేస్తా. ఆ నంబరు నేను సంపాదించుకోగలను."

ఆయన దుప్పటిలోంచే చేతులు జోడించాడు.

శారదమ్మ కూతురి మొహంలోకి చూసింది. అడగాలంటే భయం, అడగకుండా ఉండలేకపోవడం, రెండూ ఒకేసారి.

"ఈడికొస్తే పెట్టేదెవురమ్మా?"

హరిత కాగితం గోడకు ఆనించి సంతకం పెడుతూ, తల తిప్పకుండా, "నువ్వే," అంది.

సోమవారం పొద్దున హరిత ఫోన్ చేస్తే, ఇంటినిండా జనం ఉన్నారనీ, తీరిక దొరికినప్పుడు తనే చేస్తాననీ చెప్పి శారదమ్మ పెట్టేసింది.